ఆగ్నేయాసియా ఉక్కపోతలో మందపాటి జుట్టుకు ఏ షాంపూ?

సింగపూర్‌లో గాలిలో తేమ ఏడాది సగటున 80 శాతం దాటుతుంది. కౌలాలంపూర్, జకార్తాల్లోనూ ఉక్కపోత లేని నెలలు తక్కువ. అక్కడ కూడా షాంపూ ప్రకటనలు ఎక్కువగా వెంట్రుకల నిగారింపు గురించే మాట్లాడతాయి. అలాంటి వాతావరణంలో షాంపూను ఎంచుకోవలసింది మాడును చూసి. వెంట్రుకల సంగతి చాలావరకు కండిషనర్ చూసుకుంటుంది.

మందపాటి జుట్టు అన్నప్పుడు రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతుంటాయి. ఒక్కో వెంట్రుక లావుగా ఉండటం వేరు, తల మీద వెంట్రుకలు ఒత్తుగా ఉండటం వేరు. తూర్పు, ఆగ్నేయాసియా ప్రజల్లో చాలామందికి వెంట్రుక లావుగా, నిటారుగా ఉంటుంది. ఈ లావుకు ఈడీఏఆర్ అనే జన్యువులోని ఒక మార్పుతో సంబంధం ఉందని థాయ్‌లాండ్, ఇండొనేసియా ప్రజల నమూనాలను పరిశీలించిన జపాన్ శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. దక్షిణ భారతీయుల్లో ఆ మార్పు అరుదు. కాబట్టి సింగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికి పొరుగున ఉన్న చైనా సంతతి వారు వాడే షాంపూ నప్పుతుందన్న నియమం లేదు. చెమట, ఉక్క మాత్రం ఇద్దరికీ ఒకటే.

వెంట్రుకలోని కెరటిన్ పోగులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తేమ తగిలితే విడిపోయి, మరోచోట ముడిపడతాయి. చక్కగా దువ్విన జుట్టు బయటికి వెళ్లిన కాసేపటికే చెదిరి ఉబ్బిపోయేది ఇందుకే. కడిగేసుకునే షాంపూ దీన్ని పెద్దగా ఆపలేదు. డైమెథికోన్, పాలీక్వాటర్నియం-10 వంటివి ఉంటే వెంట్రుక మీద పలుచని పొర మిగిలి కొంత సాయపడుతుంది. లావు వెంట్రుక ఆ పొరను తట్టుకుంటుంది, సన్న వెంట్రుకైతే అణిగిపోయి జిడ్డుగా కనిపిస్తుంది. తేమ గాలిలో గ్లిజరిన్ పనికిరాదన్న మాట, రాసి వదిలేసే క్రీములకైతే కొంత వర్తిస్తుంది గానీ షాంపూకు కాదు.

అసలు ఇబ్బంది మాడు దగ్గర. చర్మం మీద సహజంగానే ఉండే మలసీజియా అనే ఈస్ట్ జిడ్డును తిని బతుకుతుంది. చెమట, ఒత్తు జుట్టు కింద ఆరని తడి దానికి అనుకూలం. చుండ్రు, దురద ఉంటే జింక్ పైరిథియోన్, పిరోక్టోన్ ఒలమైన్, సెలీనియం సల్ఫైడ్, కీటోకొనజోల్‌లలో ఏదో ఒకటి ఉన్న షాంపూ తీసుకోవాలి. నురగను మాడు మీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి. చాలామంది వెంటనే కడిగేసి, పనిచేయలేదంటారు. నెల రోజుల్లో తగ్గకపోతే చర్మవైద్యులకు చూపించాలి. చుండ్రు లేనివారికి సోడియం లారెత్ సల్ఫేట్‌తో పాటు కోకమిడోప్రొపైల్ బీటైన్ ఉన్న మామూలు షాంపూ చాలు. రంగు వేసిన, స్ట్రెయిటెనింగ్ చేయించిన జుట్టుకైతే సల్ఫేట్ లేనిది మేలు.

తరచూ తలస్నానం చేస్తే జుట్టు పాడవుతుందన్న భయం ఆసియా అంతటా ఉంది. వారానికి ఐదారుసార్లు షాంపూ చేసుకున్నవారే తమ జుట్టు, మాడు పట్ల ఎక్కువ సంతృప్తిగా ఉన్నారని ఆసియా వాసుల మీద జరిగి 2021లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. అది షాంపూ తయారుచేసే సంస్థ పరిశోధకులదే అన్నది గుర్తుంచుకోవాలి. అయినా ఉక్క ప్రాంతంలో వారానికోసారి తలంటు సరిపోదన్నది సమంజసమే.

మలేసియా, ఇండొనేసియాల్లో హిజాబ్ ధరించే మహిళల కోసం ప్రత్యేక షాంపూలు అమ్ముతున్నారు. మెంథాల్ చల్లదనం హాయిగానే ఉంటుంది, కానీ అది చుండ్రుకు మందు కాదు. తడి జుట్టు మీద వస్త్రం కట్టకుండా ఆరబెట్టుకోవడం అంతకంటే ముఖ్యం.

ఆసియాన్ దేశాల ఉమ్మడి నిబంధనల ప్రకారం లేబుల్ మీద పదార్థాలను ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరుసగా రాయాలి. సాషే మీద ఆ అక్షరాలు చదవడం కష్టమే. అయినా మనీలా, జకార్తా చిల్లర కొట్లలో దొరికే సాషేలతో రెండు వారాలు వాడి చూశాక పెద్ద సీసా కొంటే డబ్బు వృథా కాదు.