బిల్లు భార్య పేరు మీద

అర్ధరాత్రి క్యాజువాలిటీకి ఒక మనిషిని మోసుకొస్తారు. స్పృహ లేదు. తాగి పడిపోయాడా, షుగర్ వల్ల పడిపోయాడా? ల్యాబ్ తాళం వేసి ఉంది. రక్తం తీసి ఉంచినా తెల్లారేదాకా జవాబు రాదు. సరిగ్గా ఇలాంటి రాత్రుల కోసమే అమెరికాలో ఏమ్స్ అనే కంపెనీ ఒక పెట్టెను తయారుచేసింది. ఒక్క చుక్క రక్తం పెడితే నిమిషం పైచిలుకులో షుగర్ ఎంతుందో ముల్లు చూపిస్తుంది. 1969 అక్టోబరులో, ల్యాబ్ పరికరాల వ్యాపారులు చదివే ఒక పత్రికలో దాని ప్రకటన వచ్చింది.

ఆ పేజీ దగ్గర ఆగిపోయిన రిచర్డ్ బెర్న్‌స్టీన్ డాక్టరు కాదు, ఇంజినీరు. వయసు 35. భార్య, చిన్నపిల్లలు. 23 ఏళ్లుగా టైప్-1 షుగర్.

1946లో న్యూయార్క్ నగరంలో పన్నెండేళ్ల కుర్రాడిగా ఉన్నప్పుడే జబ్బు బయటపడింది. అప్పటి షుగర్ వైద్యం సగం వంటింటి పనే. పొద్దున్నే గాజు సిరంజిని నీళ్లలో మరిగించాలి. మూత్రాన్ని టెస్ట్ ట్యూబులో పోసి స్పిరిట్ దీపం మీద కాచి రంగు చూడాలి. నీలంగానే ఉంటే షుగర్ లేనట్టు, ఆకుపచ్చ దాటి ఇటుక రంగుకు తిరిగితే బాగా ఉన్నట్టు.

ఈ పరీక్షలోనే ఉంది అసలు తిరకాసు. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే గానీ మూత్రంలోకి దిగదు. దిగినా, ట్యూబులో కనిపించేది కొన్ని గంటల కిందటి సంగతి. ఇక కింది వైపు సంగతి మరీ అన్యాయం. రక్తంలో 120 ఉన్నా నీలమే, 40కి పడిపోయినా నీలమే. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతున్న మనిషికి ఆ ట్యూబు అంతా బాగుందనే చెబుతుంది.

కాబట్టి రిచర్డ్ డాక్టర్లు చెప్పినట్టల్లా విన్నాడు. రోజుకో ఇంజెక్షన్, వాళ్లు రాసిచ్చిన ఆహారం, అందులో దండిగా పిండిపదార్థాలు. అయినా షుగర్ దాని ఇష్టం దానిదే. పడిపోయినప్పుడు తలనొప్పి, నీరసం, అయినదానికీ కానిదానికీ చిరాకు. ఇంట్లో గొడవలు. కడుపులో ఇంత తీపి పడ్డాక మళ్లీ మామూలు మనిషి. షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లలో ఇది తెలిసిన భాగోతమే. ‘ఈయన కోపం ఈయనదా, షుగర్‌దా’ అని ఇల్లాలు ముందు ముఖం చూసి, తర్వాత గ్లూకోజు డబ్బా వెతుక్కుంటుంది.

ముప్పై దాటేసరికి ఒళ్లు లెక్క చెప్పడం మొదలుపెట్టింది. భుజాలు బిగుసుకుపోయాయి. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. కిడ్నీలకు ఏం మూడబోతోందో ఇంజినీరుకు తెలియక కాదు.

అందుకే ఆ ప్రకటన. పెట్టె ధర 650 డాలర్లు. బరువు కిలోంబావు పైమాటే. కొంటానంటే కంపెనీ అమ్మనంది. డాక్టర్లకీ ఆస్పత్రులకీ తప్ప ఇవ్వరట. రోగి తన రక్తంలోని చక్కెరను తానే కొలుచుకోవడమనే ఆలోచనే అప్పటికి ఎవరికీ మింగుడుపడేది కాదు. అంకె తెలిసి రోగి ఏం చేసుకుంటాడని అనుకునే కాలం.

బెర్న్‌స్టీన్ భార్య డాక్టరు. ఆర్డరు ఆమె పేరు మీద వెళ్లింది. పెట్టె ఇంటికొచ్చింది.

ఇప్పుడు మనం వేలికి చటుక్కున పొడిచి అయిదు సెకన్లలో అంకె చూసుకుంటున్నాం. ఆయనది అలా కాదు. వేలు పొడిచి, స్ట్రిప్ నిండేంత పెద్ద చుక్క పిండాలి. గడియారం చూస్తూ సరిగ్గా అరవై సెకన్లు ఆగాలి. రక్తాన్ని నీటిధారతో కడిగేయాలి. తడి అద్ది, మిగిలిన రంగును మీటరులో పెడితే అప్పుడు ముల్లు కదులుతుంది. సెకన్లు అటూ ఇటూ అయినా, కడగడంలో తేడా వచ్చినా అంకె మారిపోతుంది. ఇంత తతంగాన్ని ఆయన రోజుకు అయిదు సార్లకు తక్కువ కాకుండా చేశారు. అంకెతోపాటు తిన్నది, చేసిన పని, ఎక్కించుకున్న ఇన్సులిన్ అన్నీ రాసిపెట్టుకున్నారు.

కాగితం మీద పడ్డ అంకెలు చూస్తే గుండె జారాలి. ఒకే రోజులో 40 లోపలికీ పోతోంది, 400 పైకీ పోతోంది. ఇరవై ఏళ్లుగా మంచి కంట్రోలు అనుకున్నది ఇదన్నమాట.

ఇంజినీరు మాత్రం భయపడే ముందు లెక్క వేశారు. ఒక్క మార్పు చేయడం, కొలవడం, మళ్లీ ఒక్క మార్పు. ఒక ఇంజెక్షన్‌ను రెండు చేస్తే ఎగుడుదిగుళ్లు కొంత తగ్గాయి. ఒక గ్రాము పిండిపదార్థం తనబోటి మనిషిలో షుగర్‌ను సుమారు 5 పాయింట్లు పెంచుతుందని తేలింది. అక్కడ ముడి విడింది. వంద గ్రాములు తిన్నాననుకున్న భోజనంలో ఇరవై గ్రాముల తేడా వస్తే షుగర్ వంద పాయింట్లు అటో ఇటో పోతుంది. పది గ్రాముల్లో రెండు తేడా వస్తే పోయేది పదే. మన కంచంలోకి రండి: గరిటెడు అన్నం ఎక్కువ పడిందో తక్కువ పడిందో తూచి వడ్డించేవాళ్లెవరు? ఇన్సులిన్‌దీ అదే కథ. పెద్ద డోసు ఒంట్లోకి రోజుకో రకంగా ఇంకుతుంది, చిన్న డోసులో ఆ తేడా చిన్నది. దీనికాయన చిన్న అంకెల సూత్రమని పేరు పెట్టారు. ఏడు యూనిట్లు మించితే వేర్వేరు చోట్ల పొడుచుకోమనడం దానికి కొనసాగింపే.

చివరికి ఆయన రోజుకు 30 గ్రాముల పిండిపదార్థాల దగ్గర ఆగారు. పొద్దున 6, మధ్యాహ్నం 12, రాత్రి 12. అన్నం తినే మనకు అది పూటకో ముద్ద. ఈ పథ్యం మీద డాక్టర్లలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా ఒక్కసారిగా తిండి తగ్గిస్తే షుగర్ పాతాళానికి పోతుంది కూడా. నాకు ఆయన కంచం కన్నా ఆయన కాగితమే గొప్పగా కనిపిస్తుంది. షుగర్‌కు తిక్క ఉందనుకున్న చోట ఆయన, తాను చూడని గంటలున్నాయని గుర్తించారు. ఆ గంటలను చూశాక కిడ్నీ పరీక్షలు కూడా మామూలు స్థితికి వచ్చాయని ఆయనే రాసుకున్నారు.

ఈ సంగతి లోకానికి చెబుదామని వ్యాసం రాసి పంపితే వైద్య పత్రికలు తిప్పికొట్టాయి. రాసింది ఇంజినీరు. పైగా షుగర్‌ను అంత బిగువుగా పట్టి ఉంచాల్సిన అవసరం ఉందనే అప్పటికి అందరూ ఒప్పుకోలేదు. బెర్న్‌స్టీన్ ఊరుకోలేదు, అలాగని వాదిస్తూనూ కూర్చోలేదు. 45వ ఏట ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో విద్యార్థిగా చేరారు. 1983లో డాక్టరై బయటికొచ్చి, న్యూయార్క్ దగ్గరి మమారొనెక్‌లో ప్రాక్టీసు పెట్టారు.

అక్కడికొచ్చిన ఒకావిడ కేసు డిటెక్టివ్ కథకు తీసిపోదు. ప్రతి మధ్యాహ్నం ఈతకు వెళ్లొచ్చేసరికి ఆమె షుగర్ 90 నుంచి 300కు ఎక్కుతోంది. ఈత కొడితే తగ్గాలి కదా? ముందు ఏమైనా తిన్నారా అంటే, లెక్కలోకి రానిదేనంది. లెట్యూస్ ఆకు. ఎంత అంటే, ఒక పువ్వు మొత్తం. అందులో ఉన్నది సుమారు పది గ్రాముల పిండిపదార్థం, అంటే ఆయన లెక్కన 50 పాయింట్లు. మిగతా 160 ఎక్కడివి?

ఆయన జవాబు ఇది: పొట్ట నిండా ఏది కుక్కినా పేగులు సాగుతాయి. సాగినప్పుడు అక్కడి కణాలు హార్మోన్లు వదులుతాయి. వాటి ప్రేరణతో క్లోమం ఇన్సులిన్‌తోపాటు, షుగర్‌ను పెంచే గ్లూకగాన్‌ను కూడా వదులుతుంది. మామూలు మనిషిలో రెండూ సరికి సరి. ఇన్సులిన్ లేనివాళ్లలో గ్లూకగాన్‌కు ఎదురుండదు. రంపపుపొట్టు తిన్నా ఇదే జరుగుతుందనేవారాయన. పెళ్లి భోజనాల్లో షుగరువాళ్ల ముందు కీరా ముక్కలు గుట్టగా పోసి ‘ఎంతైనా తినొచ్చు, ఏం కాదు’ అనే పెదనాన్నలకు ఈ లెక్క తెలియదు.

1993లో అమెరికా ప్రభుత్వం పదేళ్లపాటు 1,441 మంది టైప్-1 రోగులపై నడిపించిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. వేలు పొడుచుకుని చూసుకుంటూ, రోజుకు మూడు నాలుగు సార్లు ఇన్సులిన్ సర్దుకుంటూ షుగర్‌ను బిగువుగా ఉంచుకున్నవాళ్లలో కంటి దెబ్బ ముప్పు 76 శాతం, నరాలది 60 శాతం, కిడ్నీలది 50 శాతం తగ్గింది. పెట్టె కొని అప్పటికి దాదాపు పాతికేళ్లు.

బెర్న్‌స్టీన్ 2025 ఏప్రిల్‌లో తన 90వ ఏట పోయారు. ఎనభైల్లో ఉండి కూడా యూట్యూబ్‌లో షుగర్ పాఠాలు చెప్పారు. రాత్రి ఏమీ తినకపోయినా పొద్దునకు షుగర్ ఎందుకు పెరుగుతుందో ఆయన విడమరిచి చెప్పిన వీడియో ఇప్పటికీ అక్కడే ఉంది.