జ్యామితీయ వక్రీకరణ (స్టీరియోటాక్టిక్ ఎంఆర్‌ఐ)

తలకు స్టీరియోటాక్టిక్ ఫ్రేము (మెదడులోని లక్ష్యాన్ని నిరూపకాలతో గుర్తించే చట్రం) బిగించి తీసిన ఎంఆర్‌ఐ చిత్రంలో బిందువులు అసలు చోటు నుంచి జరిగి కనిపించడం. మామూలు రోగనిర్ధారణలో మిల్లీమీటరు తేడాను పెద్దగా పట్టించుకోరు. మెదడు లోతుకు ఎలక్ట్రోడు దింపేటప్పుడు, గామా కిరణాలను ఒకచోట కేంద్రీకరించేటప్పుడు మాత్రం అదే తేడా చికిత్స ఫలితాన్ని మార్చగలదు.

చరిత్ర
హార్స్‌లీ, క్లార్క్ 1908లో వివరించిన స్టీరియోటాక్టిక్ పరికరం జంతువుల మీద ప్రయోగాలకు ఉద్దేశించినది. మనుషుల కోసం మస్సెన్ 1918 ప్రాంతంలో ఒక ఫ్రేము చేయించినట్టు చెబుతారు గానీ, రోగులపై వాడిన దాఖలా లేదు. అందువల్ల 1947లో స్పీగెల్, వైసిస్ చేసిన పనినే మనుషుల్లో స్టీరియోటాక్టిక్ శస్త్రచికిత్సకు ఆరంభంగా తీసుకోవడం సబబు. లెక్సెల్ ఫ్రేము 1949 నాటిది. 1960లలో మద్రాసులో రామమూర్తి, బాలసుబ్రహ్మణ్యం బృందం ఈ శస్త్రచికిత్సలు చేసింది.

కారణాలు
చిత్రంలో స్థానాన్ని నిర్ణయించే అయస్కాంత గ్రేడియంట్లు యంత్రం మధ్యలో సరళంగా ఉండి అంచులకు పోయేకొద్దీ వంగుతాయి. గాలి, ఎముక కలిసే చోట్ల అయస్కాంత క్షేత్రం స్థానికంగా మారుతుంది. ఫ్రేము లోహంలో పుట్టే సుడి ప్రవాహాలు దీనికి తోడవుతాయి. స్పిన్ ఎకో చిత్రంలో రీడౌట్ దిశలో బిందువు ఎంత జరుగుతుందో తెలియాలంటే పౌనఃపున్య తేడాను ఒక పిక్సెల్ బ్యాండ్‌విడ్త్‌తో భాగించాలి. 1.5 టెస్లా వద్ద నీటికీ కొవ్వుకూ తేడా సుమారు 220 హెర్ట్జ్. బ్యాండ్‌విడ్త్ కూడా అంతే ఉంటే కొవ్వు ఒక పిక్సెల్ జరుగుతుంది. 3 టెస్లాలో ఆ తేడా రెట్టింపు.

అసలు చిక్కు గుర్తుల దగ్గర ఉంది. ఫ్రేముకు అమర్చే ఎన్ ఆకారపు గొట్టాలు, లెక్సెల్ పద్ధతిలో కాపర్ సల్ఫేట్ ద్రావణంతో నిండినవి, తల చుట్టూ అంచున ఉంటాయి. వక్రీకరణ ఎక్కువగా ఉండేదీ అక్కడే. మెదడు బొమ్మ సరిగానే వచ్చినా, గుర్తులు జరిగితే వాటి ఆధారంగా లెక్కించిన నిరూపకాలన్నీ తప్పుతాయి.

సవరణ
బ్యాండ్‌విడ్త్ పెంచితే జరుగుబాటు తగ్గుతుంది, నాయిస్ పెరుగుతుంది. గ్రేడియంట్ దిశ తిప్పి రెండుసార్లు చిత్రించే పద్ధతిని చాంగ్, ఫిట్జ్‌పాట్రిక్ 1992లో ప్రకటించారు. గ్రేడియంట్ వంపును సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. రెండు దిశల్లోనే సరిచేస్తే స్లైస్ దిశ దోషం మిగులుతుంది. ఫ్రేముతో సీటీ తీసి, దానిపై ఎంఆర్‌ఐని కలపడం ఎక్కువ నమ్మదగిన మార్గం.

ఉద్దానం సందర్భం
శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి విస్తృతం. మూలకారణం ఇంకా తేలలేదు. ఇలాంటి రోగులకు ఫ్రేముతో ఎంఆర్‌ఐ, సీటీ తీసేటప్పుడు కాంట్రాస్ట్ మందుల ప్రశ్న వస్తుంది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో ఎంఆర్‌ఐలో వాడే కొన్ని పాత గాడోలినియం కాంట్రాస్ట్ మందులకూ, చర్మం గట్టిపడే నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్‌కూ సంబంధం 2006లో బయటపడింది. కొత్త మాక్రోసైక్లిక్ మందులతో ఆ ముప్పు చాలా తక్కువ. సీటీలో వాడే అయొడిన్ మందుకూ ఈ రోగులలో జాగ్రత్త అవసరం. అయితే ఫ్రేము గుర్తుల స్థానానికి కాంట్రాస్ట్ లేని సీటీ చాలు. కాబట్టి కిడ్నీ రోగికైనా ఫ్రేము లెక్క సరిచూడటానికి అదనపు ఇంజెక్షన్ అక్కర్లేదు. కణితి అంచులు చూడటానికి గాడోలినియం ఇవ్వాలా వద్దా అన్నది వక్రీకరణతో సంబంధం లేని వేరే నిర్ణయం, దాన్ని కిడ్నీ వైద్యునితో కలిసి తీసుకోవాలి.