ఓడలో విందుకి ఏం కట్టుకోవాలి? ఇది పాత ప్రశ్నే

సెలవులు దగ్గరపడితే చాలు, మన కైసర్స్‌లౌటర్న్ ఆడవాళ్ళ గ్రూపులో ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. "క్రూజ్ బుక్ చేశాం, ఒక రాత్రి గాలా డిన్నర్ అట. నేను గౌను కొనుక్కోవాలా? అత్తయ్యగారు కూడా వస్తున్నారు, ఆవిడ చీర తప్ప ఇంకేమీ కట్టరు. లోపలికి రానిస్తారా?" అంటూ. వెంటనే ఒకరు గౌను లింకు పెడతారు, ఇంకొకరు పట్టుచీర ఫొటో పెడతారు, మూడో ఆవిడ "అదంతా ఎవరు చూస్తారులే" అంటుంది. చూసేవాళ్ళు చూశారు, వందేళ్ళకి పైగా చూస్తూనే ఉన్నారు. ఆ కథ కొంచెం చెప్తాను.

మన ముందుతరాల్లో ఓడ ఎక్కినవాళ్ళలో చాలామందికి ఈ బెంగే లేదు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి రంగూన్ వెళ్ళినవాళ్ళు డెక్ మీద చోటు చూసుకుని, మూట తలకింద పెట్టుకుని వెళ్ళినవాళ్ళే. 1860లో మద్రాసు నుంచి నాటాల్‌కి ఒప్పంద కూలీలను తీసుకెళ్ళిన ట్రూరో ఓడలో గానీ, ఆ తర్వాతి ఓడల్లో గానీ కూలీలకి దొరికింది కొలిచి పెట్టిన తిండి. బల్లే లేనప్పుడు బల్ల దగ్గరికి ఏం కట్టుకోవాలన్న ప్రశ్న ఎక్కడిది?

బల్ల ఉన్నది పై తరగతి సెలూన్‌లో. అక్కడ రాత్రి భోజనానికి మగవాళ్ళు నల్లకోటు, ఆడవాళ్ళు ఈవెనింగ్ గౌను వేసుకుని రావాలి. మొదటి రాత్రికీ చివరి రాత్రికీ మాత్రం మినహాయింపు. ఎందుకంటే ట్రంకు పెట్టెలు ఇంకా విప్పి ఉండరు, లేదా అప్పటికే సర్దేసి ఉంటారు. పెట్టెల మీద "ప్రయాణంలో కావాలి", "ప్రయాణంలో అక్కర్లేదు" అని చీటీలు అంటించేవాళ్ళు. అక్కర్లేనివి ఓడ అడుగుకి పోయేవి. మనమేమో సూట్‌కేసులు మనమే లాక్కుంటూ మాన్‌హైమ్‌లో రైలు మారి హాంబుర్గ్ దాకా పోవాలి. మనకి ఆ వైభవం లేదు.

అప్పట్లోనే సముద్రం దాటిన తెలుగావిడ ఒకరున్నారు, పోతం జానకమ్మ రాఘవయ్య. మద్రాసు నుంచి ఇంగ్లండు వెళ్ళొచ్చి తెలుగులో యాత్ర రాశారు. దాని ఇంగ్లిషు అనువాదం "పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్" 1876లో మద్రాసులో అచ్చయింది. మన స్కూలు పుస్తకాల్లో ఈవిడ పేరు ఎందుకు లేదో నాకైతే అర్థం కాదు.

ఇప్పుడు మనం కట్టే చీరకట్టు సంగతికొద్దాం. కుచ్చిళ్ళు ముందుకి, పైట ఎడమ భుజం మీదికి, లోపల జాకెట్టూ లంగా. ఇదే అనాదిగా ఉందని అనుకుంటాం గానీ, మన ముత్తవ్వలు చాలామంది గోచీ పోసి కట్టినవాళ్ళే. ఈ కొత్త కట్టు వ్యాపించడంలో ఠాగూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవికి పెద్ద భాగం ఉంది. భర్త సత్యేంద్రనాథ్ ఐసీఎస్‌లో చేరిన మొదటి భారతీయుడు. 1864లో ఆయనతో బొంబాయి వెళ్ళాల్సి వచ్చినప్పుడు, బెంగాలీ ఆడవాళ్ళు ఇంట్లో కట్టే పల్చటి ఒంటిచీరతో నలుగురిలోకి ఎలా వెళ్ళడం అన్నది సమస్య అయింది. ఒక ఫ్రెంచి దర్జీతో ఏదో "ఓరియంటల్" డ్రెస్సు కుట్టించారు. తొడుక్కోవడమే పెద్ద యాతన అయింది. బొంబాయిలో పార్శీ ఆడవాళ్ళ కట్టు చూసి, దాన్ని కొంచెం మార్చుకుని, కలకత్తా తిరిగొచ్చాక మిగతావాళ్ళకి నేర్పారు. 1877లో ఆవిడ భర్త తోడు లేకుండా, చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని ఓడలో ఇంగ్లండు వెళ్ళారు.

మన గ్రూపులోని నర్సులకి ఆనందీబాయి జోషి పేరు తెలిసే ఉంటుంది. 1883లో కలకత్తాలో ఓడ ఎక్కి అమెరికా వెళ్ళి, ఫిలడెల్ఫియాలో డాక్టరీ చదివిన మరాఠీ అమ్మాయి. 1885లో జపాన్ అమ్మాయి, సిరియా అమ్మాయితో కలిసి దిగిన ఫొటోలో చీరలోనే ఉంది.

కానీ కుటుంబంతో ఓడ ప్రయాణం, భోజనానికి ఏం వేసుకోవాలన్న తగాదా, ఈ రెండూ కలిసి దొరికేది కస్తూర్బా కథలో. 1896 చివర్లో గాంధీ గారు భార్యనీ, ఇద్దరు కొడుకుల్నీ, విధవరాలైన అక్కయ్య కొడుకునీ తీసుకుని బొంబాయిలో కోర్లాండ్ అనే ఓడ ఎక్కారు. నాగరికులుగా కనపడాలంటే వీలైనంత యూరోపియన్లలా ఉండాలని అప్పట్లో ఆయన నమ్మకం. పూర్తి దొరల వేషం కుదరదు కాబట్టి, ఆ రోజుల్లో అందరికంటే నాగరికులని పేరున్న పార్శీల వేషం ఎంచుకున్నారు. కస్తూర్బాకి పార్శీ చీర, పిల్లలకి పార్శీ కోటూ ప్యాంటూ. బూట్లు, మేజోళ్ళు అందరికీ తప్పనిసరి. బూట్లు కాళ్ళని బిగించేసేవి, మేజోళ్ళు చెమటకి కంపు కొట్టేవి, వేళ్ళు పుండ్లు పడేవి. ఇవన్నీ ఆయనే తర్వాత ఆత్మకథలో రాసుకున్నారు. ఫోర్కులూ కత్తులతో తినడానికి ఇంట్లోవాళ్ళు ఇంకా అయిష్టంగా ఒప్పుకున్నారట. వేరే దారి లేక ఒప్పుకున్నారు. నిర్ణయం ఒకరిది, పుండ్లు పడ్డ కాళ్ళు వేరేవాళ్ళవి.

డిసెంబరు 18న ఓడ డర్బన్ చేరింది గానీ దిగనివ్వలేదు. బొంబాయిలో ప్లేగు ఉందని క్వారంటీన్ పెట్టారు. అసలు సంగతేమిటంటే భారతీయులు రావడం అక్కడి తెల్లవాళ్ళకి ఇష్టం లేదు, వెనక్కి పంపమని సభలు పెట్టారు. ఇరవై రోజులకి పైగా ఓడలోనే. క్రిస్మస్ నాడు కెప్టెన్ సెలూన్ ప్రయాణికులని విందుకి పిలిచాడు. వాళ్ళలో ముఖ్యులు గాంధీ కుటుంబమే. అంటే అచ్చం మన గాలా డిన్నరే! కస్తూర్బా ఆ పార్శీ చీరలో, నొప్పెట్టే బూట్లతో ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటారని ఊహించుకుంటుంటాను. భోజనమయ్యాక గాంధీ గారు పాశ్చాత్య నాగరికత మీద ప్రసంగించారు. ఆ ప్రసంగం వింటూ ఆవిడేం అనుకున్నారో ఎవరూ రాయలేదు.

1897 జనవరి 13న దిగారు. ఆయన నడిచి వెళ్తుంటే గుంపు రాళ్ళు, కుళ్ళిన గుడ్లు వేసి కొట్టింది. పోలీసు సూపరింటెండెంట్ భార్య అలెగ్జాండర్ గారు గొడుగు తెరిచి అడ్డం నిలబడ్డారు. అంత శ్రమపడి నేర్చుకున్న వేషం ఆయన్ని కాపాడలేదు. ఆ రాత్రి ఇంటి నుంచి తప్పించుకోవడానికి భారతీయ కానిస్టేబుల్ యూనిఫాం వేసుకుని, తలకి ఒక పళ్ళెం పెట్టుకుని దాని మీద మద్రాసీ తలగుడ్డ చుట్టుకున్నారు. అలా మన వైపు గుడ్డ కూడా ఈ కథలోకి వచ్చింది!

1931లో అదే మనిషి రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళి, కొల్లాయి గుడ్డతో, శాలువాతో బకింగ్‌హాం ప్యాలెస్‌లో రాజుగారి తేనీటి విందుకి హాజరయ్యారు. పక్కన మన హైదరాబాద్ సరోజినీ నాయుడు గారు చీరలో. ఎవరూ గుమ్మం దగ్గర ఆపలేదు.

సరదా కోసమే ఓడ ఎక్కడమన్నది జర్మనీకి 1891లో వచ్చింది. చలికాలంలో ఖాళీగా పడి ఉండే ఓడని ఏం చెయ్యాలా అని ఆలోచించి ఆల్బర్ట్ బాలిన్, జనవరి 22న కుక్స్‌హాఫెన్ నుంచి ఆగస్టా విక్టోరియాని మధ్యధరా సముద్రం వైపు పంపించాడు. డ్రెస్సుల పట్టింపు కూడా ఓడతోపాటే వెళ్ళింది. మన పక్కింటి జర్మన్ అవ్వల మనసులో కెప్టెన్ డిన్నర్ అంటే 1981 నుంచి టీవీలో వస్తున్న "ట్రౌమ్‌షిఫ్", అందులో చిచ్చుబుడ్ల వెలుగులో ఊరేగే ఐస్‌క్రీం కేకు. 1996లో ఐదా మొదటి ఓడ వచ్చి కెప్టెన్ డిన్నరూ వద్దు, టై కూడా వద్దు, బఫే చాలు అంది. కాబట్టి ముందు మీ కంపెనీ ఏదో చూసుకోండి. ఐదాలో అయితే సల్వార్ కమీజు హాయి. క్యునార్డ్ లాంటి పాత పద్ధతి ఓడల్లో గాలా రాత్రులున్నాయి, కానీ వాళ్ళ నియమాల్లోనే దేశీయ సంప్రదాయ దుస్తులు చెల్లుతాయని ఉంది. అత్తయ్యగారి చీరకి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

ఏ చీర అంటారా? పెళ్ళిళ్ళకి కట్టే బరువైన కంచిపట్టు వద్దు. ఓడ కదులుతుంది, డెక్ మీద గాలి పైటని లాగేస్తుంది, బయటి తలుపుల గడపలు ఎత్తుగా ఉంటాయి. గద్వాలో, మంగళగిరి పట్టో సరిపోతుంది. కుచ్చిళ్ళు ఒక అంగుళం పైకి కట్టుకుని పిన్నులు గట్టిగా పెట్టుకోండి. హాల్లో ఏసీ చల్లగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళకి శాలువా ఉండాలి. ఇక పిల్లలకి కొత్త బూట్లు కొంటే ఇంట్లోనే వారం రోజులు తొడిగి నడిపించండి. గిట్టకపోతే పాతవే తుడిచి వేసెయ్యండి.