కుప్పం ఐ-కమ్యూనిటీ (2002–2005): సాంకేతిక సంస్థ నైపుణ్య పరిమితులు – ఒక పరిశీలన

ఉమ్మడి చిత్తూరు జిల్లా నైరుతి కొసన, తమిళ కన్నడ సీమలు తెలుగు నేలతో కలిసే చోట గుడుపల్లె మండలం ఉంది. బెంగళూరు–జోలార్‌పేట రైలు మార్గం ఈ ఊరి మీదుగానే పోతుంది. అయినా ఇరవై యేళ్ల కిందట ఇక్కడి పల్లెలకు ఇంటర్నెట్ దూరపు మాటే. 2002 ఫిబ్రవరిలో హ్యూలెట్-ప్యాకర్డ్ (హెచ్‌పీ) సంస్థ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి మూడేళ్ల వ్యవధితో ప్రారంభించిన 'ఐ-కమ్యూనిటీ' పథకం పరిధిలోకి కుప్పం, గుడుపల్లె మొదలైన మండలాలు వచ్చాయి. అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు ప్రాతినిధ్యం వహిస్తున్న నియోజకవర్గం కుప్పం. స్థలనిర్ణయంలో ఈ అంశాన్ని విస్మరించలేము.

ఈ పథకాన్ని విజయగాథగానో వైఫల్యగాథగానో చెప్పడం పరిపాటి. ఇక్కడ ప్రశ్న వేరు. కంప్యూటర్లు, ప్రింటర్లు తయారు చేయడంలో ఆరితేరిన సంస్థ, గ్రామాలను కలిపే సమాచార వ్యవస్థను నిర్మించడానికి పూనుకున్నప్పుడు దాని నైపుణ్యం ఎక్కడ ఆగిపోయింది? ఆ ఖాళీని ఎవరు పూరించారు?

మొదటి ఖాళీ భాషది. తెలుగు లిపిని నేరుగా చూపగల విండోస్ ఎక్స్‌పీ వెలువడింది 2001 చివరలోనే. అంతకు ముందరి యంత్రాలలో ఒక ఖతిలో కూర్చిన పాఠం మరొక ఖతిలో అర్థరహితమైన గుర్తులుగా మారిపోయేది. తెలుగుతో పాటు తమిళం, కన్నడం, ఉర్దూ వినిపించే ప్రాంతంలో సమాచార కేంద్రానికి వచ్చిన రైతుకు తెర మీద ఏ భాష కనిపించాలన్నది యంత్రం అమ్మేవారు ఒంటరిగా తేల్చగల విషయం కాదు. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం అదే ప్రాంతంలో ఉండడం గమనార్హం.

రెండవది విద్యుత్తు. ఈ సందర్భంలో మహిళా ఛాయాగ్రాహకుల ప్రయోగాన్ని కొంత వివరంగా చూడాలి. స్వయం సహాయక సంఘాల స్త్రీలకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వాటిని నడిపే సౌరఫలకం ఇచ్చారు. గోడకున్న ప్లగ్గును నమ్ముకొని రూపొందిన ప్రింటరు ఇక్కడ భుజానికి తగిలించుకొనే పరికరమైంది. వారు ఊరూరా తిరిగి ఫొటోలు తీసి, అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చి, ఆదాయం పొందారు. ఏ ఇంట ఏ శుభకార్యముందో, ఎవరికి గుర్తింపు కార్డు ఫొటో కావాలో, ఎంత ధర చెల్లుతుందో సంస్థ ఇంజనీర్లకు తెలియదు, ఆ స్త్రీలకు తెలుసు. సంస్థ నైపుణ్యం ఆగిన చోట వ్యాపారజ్ఞానం వారి నుంచే వచ్చింది.

సంస్థకు చెందిన డెబ్రా డన్, కీత్ యమషితతో కలిసి 2003 ఆగస్టు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ అనుభవాన్ని రాశారు. మానవశాస్త్రజ్ఞురాలు ఆంకె ష్విట్టే 2008లో దీనినే కార్పొరేట్ 'సజీవ ప్రయోగశాల'గా విమర్శనాత్మకంగా పరిశీలించారు. తన లోటును తానే రాసుకొన్నప్పుడు అది 'నేర్చుకోవడం' అవుతుంది. బయటివారు రాస్తే 'ప్రయోగం' అవుతుంది. ప్రయోగానికి లోనైన పల్లె తన మాట చెప్పుకొనే చోటు ఈ రెండింటి నడుమ ఎంత ఉందన్నది వేరే పరిశోధనకు విషయం.

మూడవ ఖాళీ సంస్థది కూడా కాదు. కొండలూ గుట్టలూ ఉన్న ఈ నేలపై గ్రామాల మధ్య తీగ లేకుండా సంధానం కల్పించడానికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై చౌకైన మార్గం. కాని అప్పట్లో దానిని ఆరుబయట వాడాలంటే కేంద్రప్రభుత్వ లైసెన్సు కావాలి. ఒప్పందంలోని భాగస్వామి రాష్ట్రప్రభుత్వం; తరంగాలపై అధికారం ఢిల్లీది. ఎంతటి నిపుణుడైనా ఈ ముడిని సాంకేతికంగా విప్పలేడు.

2004 మే నెలలో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2005 ఫిబ్రవరిలో హెచ్‌పీ అధినేత్రి కార్లీ ఫియోరీనా పదవి నుంచి తప్పుకోవలసి వచ్చింది. పథకం మూడేళ్ల గడువు తీరిందీ అప్పుడే. ఆరుబయట వైఫై వాడకానికి లైసెన్సు అక్కరలేదని కేంద్రం ప్రకటించినది అంతకు ముందు నెల, 2005 జనవరిలో.