బడిని నడిపినవారు ఎవరు? హైదరాబాదులో స్వచ్ఛంద పాఠశాలల సారథులు, ఉపాధ్యాయుల నేపథ్యాలు

ఒక పాఠశాల చరిత్రను చదివేటప్పుడు మీరు సాధారణంగా మొదట చూసేది స్థాపించిన సంవత్సరం, తరువాత విద్యార్థుల సంఖ్య, ఆపైన ఫలితాలు. దాన్ని నడిపినవారు అంతకు ముందు ఏ పని చేసేవారు, ఏ ఇంటి నుంచి వచ్చారు, ఏ భాషలో చదువుకున్నారు అనే ప్రశ్నలను మనం అరుదుగా అడుగుతాం. ఈ పాఠంలో ఆ ప్రశ్నలనే అడుగుదాం.

ఈ ప్రశ్నలు ఇటీవల బాగా చర్చకు వచ్చిన దేశం అమెరికా. అక్కడ 1991లో మిన్నెసోటా రాష్ట్రం ఒక చట్టం చేసింది. ప్రభుత్వ ధనంతోనే నడిచినా, సొంత పాలకమండలి, సొంత నియమాలు ఉండే పాఠశాలలకు ఆ చట్టం అనుమతినిచ్చింది. వాటినే చార్టర్ పాఠశాలలు అంటారు. 1992లో సెయింట్ పాల్ నగరంలో సిటీ అకాడమీ పేరుతో మొదటిది తెరుచుకుంది. నగరాల్లోని పేద పిల్లల కోసం ఇలాంటివి పెరిగేకొద్దీ ఒక విమర్శ కూడా పెరిగింది. పిల్లల్లో ఎక్కువమంది నల్లజాతివారు, లాటినోలు. పాఠశాలలను ప్రారంభించినవారిలో, అందులో పనిచేసే యువ ఉపాధ్యాయుల్లో చాలామంది పేరున్న కళాశాలల నుంచి కొద్దికాలానికి వచ్చినవారు. పిల్లల జీవితం తెలియనివారు వారికి బడిని ఎలా తీర్చిదిద్దగలరని విమర్శకులు అడిగారు. ఫలితాలు చూడండి, నేపథ్యంతో పనేమిటని సమర్థకులు జవాబిచ్చారు.

చార్టర్ పాఠశాల అనే మాట మన దగ్గర వాడుకలో లేదు. అయితే ప్రజలు కమిటీగా ఏర్పడి బడి పెట్టడం, దానికి సర్కారు గ్రాంటు కోరడం, సొంత పద్ధతిలో నడుపుకోవడం హైదరాబాదుకు నూరేళ్ల క్రితమే తెలుసు. పైన చెప్పిన వాదం కూడా కొత్తదేమీ కాదు.

బారిస్టరు ఇంటి నుంచి బడి దాకా

మాదరి భాగ్యరెడ్డివర్మ 1888లో హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో జన్మించారు. చిన్న వయసులోనే ఒక రోమన్ కాథలిక్ బారిస్టరు ఇంట్లో పనికి కుదిరి, అక్కడే చదవడం, రాయడం, లోకజ్ఞానం నేర్చుకున్నారు. 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మాన్య సంఘం స్థాపించారు. పిల్లల బడులకు శ్రీకారం చుట్టింది 1910లో, ఇసామియా బజారు, లింగంపల్లి బస్తీల్లో. ఈ లింగంపల్లి కాచిగూడ దగ్గరిది, ఇప్పుడు మనం రైలెక్కి వెళ్లేది కాదు.

ఆ బడులు పెరిగి సుమారు పాతిక అయ్యాయి. రెండు వేలకు పైగా పిల్లలు వాటిలో చదివారు. బోధన తెలుగులో జరిగేది. రాజ్యంలో పాలనకూ పై చదువులకూ ఉర్దూ తప్పనిసరి అయిన కాలంలో, ఊరి బడి గడప తొక్కనివ్వని పిల్లలకు ఇంటి భాషలో అక్షరాలు దొరకడం ఎంత పెద్ద సంగతో మీరు ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక విషయాన్ని శ్రద్ధగా గమనించాలి. 1920ల్లో పనిచేసిన ఆదిహిందూ సోషల్ సర్వీస్ లీగ్‌కు అధ్యక్షులు రాయ్ బాలముకుంద్, హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు. తోడు నిలిచినవారిలో లాల్జీ మేఘ్‌జీ వంటి వర్తకులు, వామన్ నాయక్ వంటి సంపన్నులు ఉన్నారు. వర్మ ప్రధాన కార్యదర్శి. అంటే అధ్యక్ష స్థానంలో అగ్రవర్ణ పెద్ద, రోజువారీ నడకలో బస్తీ మనిషి. ఇది లొంగుబాటా? నా దృష్టిలో కాదు. దొరల కార్యాలయంలో అర్జీ కదలడానికి ఒక న్యాయమూర్తి సంతకం కావాలి. అదే బస్తీలో తల్లిదండ్రులు బిడ్డను పని మాన్పించి బడికి పంపాలంటే తమలో ఒకడి మాట కావాలి. ఈ రెండు అవసరాలనూ ఒకే మనిషి తీర్చే స్థితి అప్పట్లో లేదు. వర్మ ఆ సంగతి తెలిసినవారు. అయితే పేరు పెట్టే అధికారాన్ని మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. 1917లో బెజవాడలో జరిగిన సభకు పంచమ మహాసభ అని పేరు పెట్టగా, అధ్యక్షత వహించిన ఆయన ఆ మాటను తిరస్కరించారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. బడిలో పిల్లవాణ్ణి ఏ పేరుతో పిలుస్తారనేది కూడా చదువులో భాగమేనని ఆయనకు అనుభవంతో తెలుసు. తెలుసుకోవడానికి బారిస్టరు గ్రంథాలు అక్కరలేదు.

వకీళ్లు, ఒక కొత్వాలు

రెండో ఉదాహరణ నారాయణగూడలోని తెలుగు బాలికల పాఠశాల. 1928లో దీన్ని స్థాపించిన మాడపాటి హనుమంతరావు 1885లో కృష్ణా జిల్లా ప్రాంతంలో పుట్టి, సూర్యాపేటలో మేనమామ ఇంట పెరిగారు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా, అనువాదకునిగా పనిచేసి, తరువాత వకీలు అయ్యారు. ఉర్దూలో గట్టివారు. సర్కారు కాగితం ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో లోపలి నుంచి చూసినవారు. ఈ జ్ఞానం బడికి బాగా అవసరమైంది, ఎందుకంటే అది ఖాన్గీ బడులకు గడ్డుకాలం. ఖాన్గీ అంటే ప్రైవేటు. 1920ల మధ్యలో వచ్చిన నిబంధనల ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ప్రైవేటు బడి నడపరాదు. నాలుగు వేలకు పైగా ఉన్న ఖాన్గీ బడులు కొద్దికాలంలోనే వెయ్యి చిల్లరకు పడిపోయాయి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్ర మహాసభలో ఈ నిబంధనలపై చర్చ జరిగిందంటే ఆశ్చర్యం లేదు.

తెలుగు మాధ్యమంలో చదివిన బాలికలకు ఉన్నత పాఠశాల గుర్తింపు హైదరాబాదు రాజ్యంలో దొరకలేదు. మాడపాటివారు పూనాలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం వైపు చూశారు. కార్వేతో పరిచయం కొత్తది కాదు. 1921లో హైదరాబాదులో ఆయన అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కార సభలోనే అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఏ సభలో తెలుగు వినబడలేదో, ఆ సభాధ్యక్షుని విశ్వవిద్యాలయమే తరువాత తెలుగు బడికి గొడుగు పట్టింది. చరిత్ర ఇలాంటి మలుపులు అప్పుడప్పుడూ తిరుగుతుంది.

ఈ బడికి అండగా నిలిచిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మీకు మరో కారణంగా తెలిసే ఉంటారు. ఆయన నగర కొత్వాలు, అంటే పోలీసు కమిషనరు. కళాశాల చదువు లేకుండా పోలీసు శాఖలో అంచెలంచెలుగా ఎదిగారు. 1918లో రెడ్డి హాస్టలు తెరవడంలో ముఖ్యులు. తరువాత దాని నిర్వహణ చూసిన సురవరం ప్రతాపరెడ్డి న్యాయశాస్త్ర పట్టభద్రుడు, గోలకొండ పత్రిక సంపాదకుడు. మీ జిల్లాకు 1978లో పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి కూడా వకీలే. ఈ పట్టికలో ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చినవారు కనబడరు. ఆ కాలంలో బడి పెట్టడమంటే మొదట అనుమతి సంపాదించడం, తరువాత చందాలు, ఆ తరువాతే పాఠం. కాబట్టి కచేరీ తెలిసినవారు, దర్బారులో మాట చెల్లేవారు ముందుకు వచ్చారు. అందులోనే ఒక పరిమితి ఉంది. రెడ్డి హాస్టలు పేరు చూడండి. కొత్వాలుగారి మనసు పెద్దదే, ఆ వసతిగృహం ఎందరినో నిలబెట్టింది. అయినా దాని తలుపు మొదట ఎవరి పిల్లల కోసం తెరిచారో పేరే చెబుతుంది. అదే నగరంలో ఇసామియా బజారు పిల్లలకు రాత్రి తలదాచుకుని చదివే ఆ స్థాయి వసతి లేదు.

మరి పాఠం చెప్పినవారు?

బాలికల పాఠశాలలో పనిచేసిన యెల్లాప్రగడ సీతాకుమారి పేరు మనకు మిగిలింది. ఆమె కోస్తాలోని బాపట్లలో పుట్టారు. తెలుగులో ఉన్నత పాఠశాల చదువు రాజ్యంలో లేనప్పుడు, తెలుగు చెప్పగల చదువుకున్న స్త్రీలు సరిహద్దు అవతలి నుంచి రావలసి వచ్చిందనడానికి ఆమె జీవితం ఒక ఉదాహరణ. అయితే ఆమె పేరు మిగలడానికి కారణం కేవలం పాఠాలు కావు. రచయిత్రి, ఆంధ్ర మహిళా సభల నాయకురాలు, 1957లో బాన్సువాడ నుంచి శాసనసభ్యురాలు. ఇతర కారణాల వల్ల ప్రసిద్ధి పొందిన ఉపాధ్యాయులే చరిత్రలో నిలుస్తున్నారు. ఆదిహిందూ బడుల్లో పాతిక చోట్ల పలక మీద చెయ్యిపట్టి దిద్దించినవారు మనకు సాధారణ చరిత్ర గ్రంథాల్లో దాదాపు కనబడరు. స్థాపకుని నేపథ్యం బడికి ఏమి సంపాదించగలదో నిర్ణయిస్తుంది. ఉపాధ్యాయుని నేపథ్యం పిల్లవాడికి ఏమి అందుతుందో నిర్ణయిస్తుంది. రాతలో మొదటిది నిలిచింది, రెండోది జారిపోయింది.

గురుకులాల కాలం

స్వాతంత్ర్యం తరువాత చార్టర్ పద్ధతికి బాగా దగ్గరగా వచ్చినవి గురుకులాలు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971 నవంబరులో సర్వేలులో మొదటిది మొదలైంది. ధనం ప్రభుత్వానిది, నిర్వహణ ఒక రిజిస్టర్డు సొసైటీది. సొంత ప్రవేశ పరీక్ష, సొంత నియామకాలు. సాంఘిక సంక్షేమ గురుకులాలు 1980ల్లో వచ్చాయి. వ్యత్యాసం కూడా గుర్తుంచుకోండి: ఇక్కడ పాలకమండలి ప్రైవేటుది కాదు, సొసైటీ కార్యదర్శి సాధారణంగా ప్రభుత్వ అధికారి.

ఆ కుర్చీలో 2012 నుంచి 2021 దాకా కూర్చున్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఐపీఎస్ అధికారి. నూరేళ్ల నాటి కొత్వాలు గుర్తుకు వస్తే తప్పు కాదు, కాని పోలిక అక్కడే ఆగుతుంది. ఈయన దళిత కుటుంబం నుంచి వచ్చి, హార్వర్డులో ప్రభుత్వ పాలన చదివారు. అధికారికి దర్బారులో చెల్లే మాట, బస్తీలో చెల్లే మాట రెండూ ఒకే మనిషిలో కలిశాయి. వర్మ కాలంలో సాధ్యం కానిది ఇదే. 2014 మే 25న తాడ్వాయి గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కిన తరువాత ఈ బడుల పేరు దేశమంతా తెలిసింది. గౌలిదొడ్డి, చిలుకూరు గురుకులాల పేర్లు మీ ప్రాంతంలో ఇంటింటా వినబడతాయి. పర్వతం పేరు చెప్పి అన్ని సమస్యలూ తీరాయనడం మాత్రం సరికాదు. ఒకే బడిలో ఒక ఉపాధ్యాయుడు శాశ్వత ఉద్యోగి, పక్క గదిలో మరొకరు కాంట్రాక్టు లేదా గెస్టు. ఇద్దరూ బి.ఎడ్. చదివినవారే, బహుశా ఇద్దరూ పల్లె నుంచి వచ్చినవారే. కాని ఒకరు వచ్చే ఏడాది అదే పిల్లల ముందు నిలబడతామని నమ్మగలరు, మరొకరు నమ్మలేరు. నేపథ్యం గురించి మాట్లాడేటప్పుడు కులం, ఊరు, భాషలతో పాటు ఉద్యోగ భద్రతను కూడా లెక్కలోకి తీసుకోవాలని నేనంటాను.

క్షేత్ర కృత్యం

మహేశ్వరం, శంషాబాదు పరిసరాలు నిజాం కాలంలో చాలావరకు సర్ఫ్-ఎ-ఖాస్, పాయిగా భూములు. నగరానికి ఇంత దగ్గరగా ఉన్నా నగర బడుల కథ ఇక్కడికి ఆలస్యంగా చేరింది. 2008 మార్చిలో అయిదు వేల ఎకరాలకు పైబడిన విమానాశ్రయం తెరుచుకున్నాక ఇక్కడి బతుకులు మళ్లీ మారాయి. మీకు దగ్గరలో కనీసం ముప్పయ్యేళ్ల వయసున్న ఒక పాఠశాలను ఎంచుకోండి. ప్రధానోపాధ్యాయుల అనుమతితో ప్రవేశ రిజిస్టరు చూడండి. అందులో తండ్రి వృత్తి అనే గడి ఉంటుంది. 2000 నాటి పేజీలో ఆ గడిలో ఏ మాటలు ఉన్నాయి, 2015 నాటి పేజీలో ఏమున్నాయి? పేర్లు రాసుకోవద్దు, వృత్తులు మాత్రమే లెక్కించండి. తరువాత అదే బడిలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుణ్ణి కలిసి మూడు సంగతులు అడగండి: బడికి రోజూ ఏ ఊరి నుంచి వచ్చేవారు, తాను ఏ మాధ్యమంలో చదివారు, తన పిల్లలను ఏ బడికి పంపారు. మూడో ప్రశ్నను చివరికి ఉంచుకోండి. దానికి జవాబు చెప్పే ముందు చాలామంది కాసేపు ఆగుతారు, ఆ ఆగడాన్ని కూడా మీ నోటు పుస్తకంలో రాయండి.