సెల్ఫీ తీసుకున్నారు సరే, కోట చూశారా?

గండికోటకు వెళ్లొచ్చిన వాళ్లను అడిగి చూడండి. చాలామంది లోయ గురించే చెబుతారు. ఎర్రటి బండల అంచున కూర్చుని తీయించుకున్న ఫొటో చూపిస్తారు. ‘ఇండియా గ్రాండ్ కాన్యన్’ అని అరువు తెచ్చుకున్న పేరొకటి తగిలిస్తారు. ధాన్యాగారంలోకి అడుగు పెట్టారా అంటే గుర్తుండదు. మాధవరాయస్వామి గుడిని దూరం నుంచి చూశామంటారు. జమ్మలమడుగులో బస్సు దిగడం, అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు పోవడం, పొద్దుగుంకేదాకా ఉండి వెనక్కి తిరగడం... ఇదీ వరస. ఇలా పోయి వచ్చేవాళ్లు కోటనే కాదు, చుట్టూ ఉన్న సీమనంతా వదిలేసుకుని వస్తున్నారు. తూర్పున ప్రొద్దుటూరు, దక్షిణాన పులివెందుల, నడుమ తెలుగులో ఇప్పటికి దొరికిన మొట్టమొదటి శాసనమున్న ఊరు. ఒకప్పుడు ఇదంతా రేనాడు. దీన్ని గుడి, పండగ, కూడు కలిపే చూడాలి. ఒకటి వదిలేస్తే మిగతా రెండూ సగమే అర్థమవుతాయి.

ముందు కోట సంగతే చూద్దాం. ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పెన్న పారుతుంది. ఆ చీలిక కోటకు ఒకవైపు అగడ్త అయింది. తవ్వే పని మనిషికి తప్పింది. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు ఇక్కడి నుంచే ఏలారు. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం చెల్లాచెదురైనా గండికోట వెంటనే పడిపోలేదు. దాన్ని గోల్కొండ కుతుబ్ షాహీల చేతికి తెచ్చిపెట్టినవాడు మీర్ జుమ్లా. పర్షియా నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి, వజ్రాల వ్యాపారంలో ఎదిగి, గోల్కొండకు వజీరైన మనిషి. తర్వాత ఔరంగజేబు పక్షం చేరి బెంగాల్ సుబేదారు కూడా అయ్యాడు. గండికోట అతడి ఎదుగుదలలో ఒక మెట్టు.

ఈ కోటను కళ్లకు కట్టినట్టు రాసిపెట్టినవాడు జీన్ బాప్టిస్ట్ తావెర్నియే. ఫ్రాన్సు నుంచి వచ్చిన రత్నాల వర్తకుడు. 1652లో మీర్ జుమ్లాను కలవడానికి మద్రాసు వైపు నుంచి ఇక్కడికి వచ్చాడు. కొండను తొలిచి వేసిన ఇరుకు దారి, పక్కనే భయం పుట్టించే లోయ, పైన చదునైన నేల, కింద పండే పొలాలు. అన్నిటినీ వర్తకుడి కళ్లతో లెక్క గట్టినట్టు రాశాడు. అతడు చూసిన మీర్ జుమ్లా దర్బారు మరీ విచిత్రం. నవాబు వట్టి కాళ్లతో కూర్చుని ఉన్నాడు. కాలి వేళ్ల సందుల్లో ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో ఉత్తరాలు. ఒక్కొక్కటే లాగి జవాబులు చెబుతుంటే గుమాస్తాలు రాసుకుంటున్నారు. ఆ పని నడుమనే నేరస్తులను తెచ్చి నిలబెట్టేవారు. కొన్ని మాటల విచారణ, వెంటనే శిక్ష. ఆ శిక్షలు ఎంత దారుణమైనవో తావెర్నియే దాచకుండా రాశాడు. వాటిని ఇక్కడ తిరిగి చెప్పడం ఎందుకులెండి.

ఫిరంగుల కథ మాత్రం చెప్పాల్సిందే. మీర్ జుమ్లా దగ్గర మాయే అనే ఫ్రెంచివాడు ఫిరంగులు పోతపోసే పనిలో చేరాడు. లోహం కోసం చుట్టుపక్కల గుళ్లలోని విగ్రహాలను తెప్పించారు. అన్నీ కరిగాయి కానీ గండికోట గుడి నుంచి తెచ్చిన ఆరు విగ్రహాలు మాత్రం ఎంత కొలిమి పెట్టినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని నవాబు వాళ్లను బెదిరించాడు. ఎంత శ్రమపడినా మాయే చేతి మీదుగా పనికొచ్చే ఫిరంగి ఒక్కటీ బయటికి రాలేదు, చివరికి కొలువు మానుకుని వెళ్లిపోయాడు. దేవుడి మహిమ అనుకున్నవాళ్లు అనుకున్నారు. నాకైతే పోతపనిలో అతగాడి నేర్పు మీదే అనుమానం. ఎవరెలా నమ్మినా, కోటలో తిరిగేటప్పుడు ఈ కథ తలలో ఉంటే మాధవరాయస్వామి గోపురం, జుమ్మా మసీదు మినార్లు ఒకే చూపులో పడినప్పుడు వట్టి ‘మతసామరస్యం’ అని ఒక్క మాటతో దాటేయబుద్ధి కాదు. ఆ రెంటి మధ్య ఒక ముట్టడి, ఒక కొలిమి ఉన్నాయి. వాటి తర్వాత మూడున్నర శతాబ్దాలకు పైబడిన ఇరుగుపొరుగు బతుకూ ఉంది. కోట గోడల లోపల ఇప్పటికీ ఊరుంది, జనం కాపురాలు చేస్తున్నారు. రంగనాథస్వామి గుడి, జైలు, పావురాల గోపురం, కత్తుల కోనేరు అన్నీ కాలినడకన చూడదగ్గ దూరంలోనే ఉన్నాయి. లోయ దగ్గరికి ఆఖరున వెళ్లండి.

జమ్మలమడుగు పట్టణంలో నారాపుర వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. దగ్గర్లోనే పెన్న ఒడ్డున దానవులపాడు. పేరు విని ఏ రాక్షసుల కథో అనుకునేరు. అది జైనుల క్షేత్రం. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో పురావస్తు శాఖ ఇసుక దిబ్బను తవ్వితే జినాలయం, నిలువెత్తు తీర్థంకర విగ్రహం బయటపడ్డాయి. రాష్ట్రకూట రాజు నిత్యవర్షుడు, అంటే మూడో ఇంద్రుడు, పదో శతాబ్దిలో ఇక్కడ శాంతినాథుడి అభిషేకానికి పీఠం చేయించాడని శాసనం చెబుతోంది. శిల్పాల్లో కొన్ని మద్రాసు మ్యూజియానికి చేరాయి. గండికోటకు పోయే కార్లలో నూటికొకటైనా ఇటు తిరుగుతుందా అన్నది నా సందేహం.

ఇంకా వెనక్కి పోవాలంటే కలమళ్లకు వెళ్లాలి. యర్రగుంట్ల మండలంలో, రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలకు దగ్గర్లో ఉంది ఊరు. అక్కడి చెన్నకేశవ సిద్ధేశ్వరాలయంలోని రాతి మీద రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనమే తెలుగులో దొరికిన తొలి శాసనం. చరిత్రకారులు దానికి క్రీ.శ. 575 అని కాలం కట్టారు. అంతకుముందు ఇక్కడి రాజులు ప్రాకృతంలోనో సంస్కృతంలోనో రాయించేవారు. జనం మాటను రాతికి ఎక్కించిన ఘనత రేనాటివాళ్లది. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా దక్కినప్పుడు సభలు హైదరాబాదులో జరిగాయి. ఆ వేడుకకు వేదిక కలమళ్ల గుడి ముందు వేసి ఉంటే ఎంత బాగుండేది!

పసిడి ఊరి దసరా

ప్రొద్దుటూరు పేరు చెబితే ముందు బంగారమే గుర్తొస్తుంది. బజారుకు పోతే దుకాణం పక్కన దుకాణం, అన్నీ నగలవే. ‘రెండో బొంబాయి’ అని ఊరికి పేరు. పెళ్లి కుదిరితే చుట్టుపక్కల జిల్లాల వాళ్లు కూడా ఇక్కడికే వస్తారు. ఆ వ్యాపారం చేసిన ఆర్యవైశ్యులే ఊరి దసరాను ఇంత పెద్దది చేశారు.

వాసవీ కన్యకాపరమేశ్వరి కథ జరిగింది గోదావరి సీమలోని పెనుగొండలో. బలవంతపు పెళ్లికి తలవంచక అగ్నిలోకి నడిచిన ఆ తల్లికి, 102 గోత్రాల వాళ్లు తోడుగా ఆత్మార్పణ చేసుకున్నారని వైశ్యపురాణం. దసరాకు ఆమె వైభవం చూడాలంటే మాత్రం రాయలసీమలో పెన్న ఒడ్డుకు రావాలి. ఆమె గుడిని ఇక్కడ గుడి అనరు, అమ్మవారిశాల అంటారు. నవరాత్రుల్లో రోజుకో అలంకారం. ధనలక్ష్మి అలంకారం నాడు అమ్మవారి చుట్టూ కరెన్సీ నోట్లే. టీవీలవాళ్లు ఆ నోట్ల లెక్క చెప్పి ఊరుకుంటారు. మిగతా రోజుల అలంకారాల్లో పనివాళ్లు చూపే నేర్పు గురించి ఎవరూ మాట్లాడరు. శివాలయం, చెన్నకేశవాలయం, ముక్తి రామేశ్వరం కూడా పోటీపడి పండగ చేస్తాయి. ఊరంతా దీపాలే. మైసూరు తర్వాత మళ్లీ ప్రొద్దుటూరేనని ఇక్కడివాళ్లు అంటారు. మైసూరువాళ్లు ఒప్పుకుంటారో లేదో కానీ, ఒక తేడా మాత్రం గమనించాలి. మైసూరు దసరా రాజు నడిపిన పండగ. ప్రొద్దుటూరు దసరాకు రాజు లేడు. అంగడి వాళ్లు చందాలు పోగుచేసుకుని నడిపిస్తున్న పండగ ఇది.

చివరికి తొట్టిమెరవణి. అమ్మవారు ఊరేగింపుగా వీధుల్లోకి వస్తే రాత్రంతా జనం రోడ్ల మీదే. ఊరి వాద్యాలతో పాటు ఎక్కడెక్కడి నుంచో కళాబృందాలను పిలిపిస్తారు. అరుగుల మీద, మిద్దెల మీద ముసలివాళ్లకు చోటు ముందే సిద్ధం. పిల్లలు నిద్రపోతే భుజాన వేసుకుని చూస్తారు తప్ప ఇంటికి పోరు.

ఊరికి మరో పక్క కూడా ఉంది. ముక్తి రామేశ్వరంలో లింగాన్ని రాముడే ప్రతిష్ఠించాడని స్థలపురాణం. రావణవధ పాపం పోవడానికి లింగం తెమ్మని హనుమంతుణ్ణి కాశీకి పంపితే, ఈలోగా ముహూర్తం మించిపోతోందని ఇసుకతో లింగం చేశాడట. అగస్త్యేశ్వరస్వామి గుడికి కథ అక్కర్లేదు, చరిత్రే ఉంది. పుట్టపర్తి నారాయణాచార్యులు ‘శివతాండవం’ కావ్యాన్ని ఆ గుడి ప్రదక్షిణల్లోనే అల్లారు. పరమ వైష్ణవ కుటుంబంలో పుట్టినవాడు రాసిన శివకావ్యం అది. ‘శివభారతం’ రాసిన గడియారం వేంకటశేషశాస్త్రి, ‘రాణాప్రతాపసింహ చరిత్ర’ రాసిన దుర్భాక రాజశేఖర శతావధాని ఈ ఊళ్లోనే ఉండి ఇద్దరూ జంటగా అవధానాలు చేశారు. బంగారం తూచే ఊళ్లో పద్యానికీ గిరాకీ ఉండేదన్నమాట.

మిరపకాయ లేని రోజులు

ఇక తిండి. పొద్దున ఉగ్గాణి. బొరుగులు నీళ్లలో తడిపి, పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప తాళింపులో వేసి పైన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే అది ఉగ్గాణి కాదని ఇక్కడి నియమం. లేదంటే ఎర్రకారం దట్టంగా పూసి పప్పుల పొడి చల్లిన కారం దోసె. మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు. మాంసం తినని వాళ్లకు చెనిక్కాయల ఊరిమిండి ఉంది, సంగటికి దానికి మించిన జోడీ లేదు. పండగకు ఓళిగలు, అలసంద వడలు.

ఈ పళ్లెంలో కారం తీసేసి ఊహించుకోండి. ఊహకందదు. కానీ మిరపకాయ మన నేలది కాదు, మెక్సికోది. 1492లో కొలంబస్ ప్రయాణం తర్వాతే అది సముద్రాలు దాటింది, పోర్చుగీసు ఓడల్లో మనకు చేరింది. చెనిక్కాయదీ దక్షిణ అమెరికానే. ఉమ్మడి కడప జిల్లాలోని తాళ్లపాకలో పుట్టి 1503లో కన్నుమూసిన అన్నమయ్య పచ్చిమిరప తిని ఉండడు. కృష్ణదేవరాయలు అగ్రహారమిచ్చిన కోకటం ఇక్కడికి దగ్గర్లోని కమలాపురం సీమలోదే. అక్కడి అల్లసాని పెద్దన ఇంట్లోనూ కారమంటే మిరియాలదే అయ్యుండాలి. కొర్రలు, మిరియాలు, చింతపండు మాత్రం అంతకుముందే ఉన్నాయి. మనం ‘సీమ కారం’ అని మీసం మెలేసేది నాలుగైదు వందల ఏళ్లకు మించని పరిచయం.

మెక్సికో వాళ్లు తమ వంటను ఎలా చూసుకుంటారో కూడా తెలుసుకోవాలి. వాళ్ల సంప్రదాయ వంటను 2010లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి పాత పట్నాలకు వెళ్లే యాత్రికుడు చర్చి ఎంత శ్రద్ధగా చూస్తాడో, సంతలో మిరపకాయల పులుసు అంత శ్రద్ధగా రుచి చూస్తాడు. మన దగ్గర గండికోట చూసి వచ్చేవాళ్లలో కొందరు కారు డిక్కీలో బిర్యానీ పొట్లాలతో వస్తారు.

పులివెందుల దారిలో

పులివెందుల అంటే రాజకీయమే గుర్తొస్తుంది బయటివాళ్లకు. అది ఇవాళ్టి విషయం కాదు కాబట్టి వదిలేద్దాం. ఊళ్లో రంగనాథస్వామి గుడి ఉంది, చుట్టూ చీనీ తోటలు, అరటి తోటలు. ఈ తోటలకు నీళ్లెక్కడివి? గండికోట జలాశయం నుంచి ఎత్తిపోతల ద్వారా పైడిపాలెం, చిత్రావతి జలాశయాలకు వస్తున్న నీళ్లూ వీటికి ఆసరా. ఆ జలాశయం నింపడానికి తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. చీనీపండ్ల రసం తాగేటప్పుడు మునిగిన ఊళ్లను కూడా తలుచుకోవడం న్యాయం.

వేంపల్లె దాటి కొంత పోతే గండి. పాలకొండలను చీల్చుకుని పాపఘ్ని పారే చోట వీరాంజనేయస్వామి వెలిశాడు. రాముడు బాణం కొసతో బండ మీద హనుమంతుడి రూపం గీశాడని, చిటికెన వేలు ఒక్కటి మిగిలిపోయిందని చెబుతారు. శ్రావణమాసం శనివారాల్లో ఇక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం.

గండికి మరో కథ ఉంది. వాయుదేవుడు రాముడి రాకకు రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడు. అది మామూలు కళ్లకు ఆనదు. కనిపించినవాడు పుణ్యాత్ముడు, అయితే ఎక్కువ కాలం బతకడు. మద్రాసు గవర్నరు థామస్ మన్రోకు అది కనిపించిందని జనం నమ్మకం. మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరు. రైతువారీ పద్ధతి ఈ నేల మీదే అతడి చేతిలో రూపు దిద్దుకుంది. గవర్నరుగా సెలవు తీసుకుని ఇంగ్లండు పోయే ముందు తన పాత సీమను ఒక్కసారి చూసిపోదామని వచ్చి, 1827 జులై 6న పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న జనం, దొర చావుకు కలరా ఒక్కటే కారణమంటే ఒప్పుకోలేదు. తమ దేవుడి తోరణం కూడా ఆయనకు చూపించి పంపారు.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. ప్రొద్దుటూరువాళ్లు ఒకప్పుడు రైలెక్కాలంటే యర్రగుంట్లకు పోయేవారు. 2016లో నంద్యాల–యర్రగుంట్ల దారిలో రైళ్లు మొదలయ్యాక ఊరికీ, జమ్మలమడుగుకూ స్టేషన్లు వచ్చాయి. ఎండాకాలం ఈ సీమకు రావద్దు. గండికోట బండల మీద నిలబడలేరు. దసరాకు రండి. విజయదశమి రోజుల్లో ప్రొద్దుటూరులో గది దొరకడం కష్టం, ముందే మాట్లాడుకోండి.