పెద్దబడి, చిన్నబడి, నడుమ ఒక గీత

ఫ్రెంచివాళ్లు 'కఫే' అని రాస్తే, చివరి 'ఈ' అక్షరం నెత్తిన ఏటవాలు గీత ఒకటి ఉంటుంది. ఆ మాటను పెద్దబడిలోకి మార్చమని సీ భాష ప్రోగ్రాముకు చెప్పి, వేరే ఏర్పాటేమీ చేయకపోతే మొదటి మూడక్షరాలే మారతాయి. చివరిది చిన్నబడిలోనే ఉండిపోతుంది. జావాకు చెబితే నాలుగూ మారతాయి. ఈ తేడా మూలాలు 1960ల అమెరికాలో ఉన్నాయి.

1963లో అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పట్టిక అక్కడ వచ్చినప్పుడు అందులో చిన్నబడి అక్షరాలే లేవు. 1967 సవరణతో అవీ చేరాయి. పెద్ద 'ఏ'కి 65, చిన్న 'ఏ'కి 97. ఏ జత తీసుకున్నా తేడా 32, యంత్రం లెక్కలో ఒక్క బిట్టు. బడి మార్చాలంటే 32 కలపడమో తీసెయ్యడమో చేస్తే సరి. ఇంగ్లీషు 26 అక్షరాలకు ఇంతకు మించి అక్కర్లేదు.

1981లో ఐబీఎం పీసీ వచ్చింది. దాని 437వ నంబరు కోడ్‌పేజీలో యూరప్ అక్షరాలను 128 నుంచి పైకి సర్దారు గానీ ఆ సర్దుబాటుకు ఒక వరస లేదు. మన 'కఫే' చివరి అక్షరం చిన్నది 130లో, పెద్దది 144లో ఉన్నాయి. 130లోంచి 32 తీస్తే 98, అంటే చిన్న 'బీ'! గీత దీనికి ఎదురువైపు వాలిన 'ఏ' ఫ్రెంచిలో అడుగడుగునా వస్తుంది. దానికైతే పెద్దబడి రూపమే ఇవ్వలేదు. 1983 నాటి టర్బో పాస్కల్ భాష ఈ తలనొప్పి పెట్టుకోలేదు. దాని అప్‌కేస్ ఆదేశం ఇంగ్లీషు అక్షరాలను తప్ప వేటినీ తాకదు.

1987లో ఐఎస్ఓ 8859-1 ప్రమాణం గీతల అక్షరాలకూ అదే 32 తేడా పెట్టింది. అయినా చిక్కు తీరలేదు. ఆ వరసల మధ్యలోనే 215లో గుణకారం గుర్తు, 247లో భాగహారం గుర్తు కూర్చున్నాయి. గుడ్డిగా 32 తీస్తే భాగహారం కాస్తా గుణకారమైపోతుంది. 255లో ఉన్న రెండు చుక్కల 'వై' 223కి, అంటే జర్మన్ల అక్షరం 'ఎస్‌సెట్'కి మారిపోతుంది.

1989 సీ ప్రమాణం ఈ భారాన్ని లోకేల్ (భాష, ప్రాంతాల అమరిక) మీదికి నెట్టింది. లోకేల్ ఏదో చెప్పకపోతే 26 అక్షరాలే మారతాయి. చెబితే ఫలితం ఆ యంత్రంలో ఉన్న లోకేల్ సమాచారాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఒకే ప్రోగ్రాము రెండు యంత్రాల మీద రెండు రకాలుగా నడుస్తుంది.

1991లో మొదలైన యూనికోడ్ అన్ని లిపులకూ ఒకే పట్టిక ఇచ్చింది. అయితే ఆ పట్టికను ఎంతవరకు పాటించాలో ఒక్కో ప్రోగ్రామింగ్ భాష ఒక్కోలా తేల్చుకుంది. జర్మన్‌లో వీధికి 'స్ట్రాసె' అంటారు. ఎస్‌సెట్‌తో రాస్తే ఆరక్షరాలు. జావా, పైథాన్ 3, జావాస్క్రిప్ట్ దాన్ని పెద్దబడిలోకి మారుస్తూ ఎస్‌సెట్ చోట రెండు 'ఎస్'లు వేస్తాయి, మాట ఏడక్షరాలవుతుంది. సీ# ఎస్‌సెట్‌ను అలాగే వదిలేస్తుంది. జావాలో కూడా మాటను కాక ఒంటి అక్షరాన్ని ఇస్తే అది మారదు, ఎందుకంటే ఒక అక్షరానికి జవాబుగా రెండు ఇచ్చే వీలు అక్కడ లేదు. పెద్ద ఎస్‌సెట్‌కు 2008లో యూనికోడ్ చోటిచ్చింది. 2017లో జర్మన్ వర్ణక్రమ నియమాలు ఒప్పుకున్నాయి. అయినా యూనికోడ్ మామూలు నియమం ఇప్పటికీ రెండు 'ఎస్'లే.

అన్నింటికన్నా ఎక్కువ ముప్పుతిప్పలు పెట్టింది టర్కీ. 1928 లిపి సంస్కరణతో అక్కడ చుక్క ఉన్న 'ఐ' వేరు, చుక్క లేని 'ఐ' వేరు. దేని పెద్దబడి దానిదే. టర్కిష్ లోకేల్‌లో జావా 'ఫైల్' అన్న ఇంగ్లీషు మాటను చిన్నబడిలోకి మారిస్తే 'ఐ' చుక్క పోతుంది, ఆ పేరుతో వెతికితే ఏమీ దొరకదు. పీహెచ్‌పీలో పెద్ద 'ఐ' ఉన్న క్లాసు పేర్లు ఇలాగే కనబడకుండా పోయేవి. 2013లో 5.5 వెర్షన్ వచ్చాకే అది సర్దుకుంది.

తెలుగు లిపిలో బడుల భేదం లేదు. మన యంత్రాల మీద తెలుగు పేర్లతోనో, గీతల్లేని ఇంగ్లీషు పేర్లతోనో పరీక్షించినంత మాత్రాన ఈ లోపం బయటపడదు. కాబట్టి ప్రోగ్రాములు రాసేవాళ్లు రెండు పనులు చేయాలి. ప్రోగ్రాము తనలో తాను వాడుకునే పేర్లను భాషతో సంబంధం లేని నియమంతో మార్చాలి, జావాలో అందుకు లోకేల్.రూట్ ఉంది. మనుషులు చదివే మాటలను మార్చేటప్పుడు మాత్రం అవి ఏ భాషవో తప్పకుండా చెప్పాలి.